మొరాకో ట్రైలోబైట్ కొన్నాను, లేబుల్ మీద "ఫాకాప్స్ రానా" అని ఉంది, నమ్మొచ్చా?

ఎంవీపీ_కుర్రోడు

అందరికీ నమస్తే. మా మేనల్లుడు ఏడో క్లాసు, వాడికి డైనోసార్లు, ఫాసిల్స్ అంటే ప్రాణం. మొన్న బీచ్ రోడ్ వైపు ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్తే అక్కడ రంగురాళ్ళు, స్ఫటికాలు, జపమాలలు అమ్మే స్టాల్ ఒకటుంది, వాటి మధ్యలో ఒక ట్రైలోబైట్ (ఎప్పుడో అంతరించిపోయిన సముద్రపు జంతువు, దాని ఫాసిల్) పెట్టాడు, ఇంక వీడు అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు. జెయింట్ వీల్ వద్దు, బజ్జీలు వద్దు, ఇదే కావాలి. సరే అని బేరమాడి కొన్నాను, ఎంతకో చెప్తే నవ్వుతారు కాబట్టి చెప్పను.

చూడ్డానికి ఎలా ఉందంటే, బూడిదరంగు రాయి, దాని మీద నల్లటి పురుగు బోర్లా పడుకున్నట్టు, బొటనవేలు కంటే కొంచెం పెద్దది. తల ముందు భాగం ఉబ్బెత్తుగా ఉండి దాని నిండా చిన్నచిన్న బుడిపెలు. రెండు పక్కలా కళ్ళు, కళ్ళలో చుక్కలు వరసలు వరసలుగా ఉన్నాయి. ఒంటి మీద అడ్డంగా గీతలు, చివర చిన్న తోక పలక. లేబుల్ మీద "ఫాకాప్స్ రానా, మొరాకో, 50 కోట్ల సంవత్సరాలు" అని ప్రింట్ చేసి ఉంది.

ఇంటికొచ్చి నెట్‌లో చూస్తే ఫాకాప్స్ రానా అమెరికాలో దొరుకుద్ది అంటున్నారు, ఇంకో చోట దాని పేరే మారిపోయింది ఎల్డ్రెడ్జియాప్స్ రానా అనాలి అంటున్నారు, మరి ఇది మొరాకోది అంటే ఏంటి అర్థం, డూప్లికేటా, లేకపోతే రెండు చోట్లా ఉండేదా? ఇంకో సమస్య, వీడిప్పుడు సుత్తి పట్టుకుని కైలాసగిరి పోదాం, బొర్రా గుహలకి పోదాం, మనమే తవ్వుకుందాం అని ప్రాణం తీస్తున్నాడు. మన వైజాగ్ చుట్టుపక్కల ఇవి దొరికే ఛాన్స్ ఉందా? తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి ప్లీజ్.

భీమిలి_బుల్లోడు

ఏటి గురూ ఇది మా పెరట్లో రోకలిబండ లాగుంది, ముట్టుకుంటే గుండ్రంగా చుట్టేసుకుంటది చూడు అదే. వానాకాలం వస్తే ఫ్రీగా ఇద్దును కదా, దీనికి డబ్బులిచ్చి కొన్నావా :)

రాతిపలక

బుల్లోడు జోక్ చేశాడు గానీ చుట్టుకోవడం వరకు కరెక్టే, ట్రైలోబైట్లు కూడా భయం వేస్తే తలా తోకా కలిపి బంతిలా ముడుచుకునేవి, అలా ముడుచుకున్న ఫాసిల్సే చాలా దొరుకుతాయి. రెండూ కీళ్ళ కాళ్ళ జంతువులే, కాకపోతే రోకలిబండ వంశం వేరు, ట్రైలోబైట్ల వంశం పూర్తిగా అంతరించిపోయింది.

ఇంక లేబుల్ సంగతి. ఒక్క లైన్లో మూడు విషయాలు రాశాడు, వాటిలో మొరాకో అన్నది ఒక్కటే నిజం అయ్యే అవకాశం ఉంది.

ముందు వయసు. ట్రైలోబైట్లు మొదటిసారి రాళ్ళలో కనపడేది దాదాపు 52 కోట్ల ఏళ్ళ కిందట, కేంబ్రియన్ కాలంలో. ఆఖరివి పోయింది 25 కోట్ల ఏళ్ళ కిందట, పెర్మియన్ చివర జరిగిన మహా వినాశనంలో. అంటే మధ్యలో 27 కోట్ల ఏళ్ళు ఉన్నాయి, 20 వేల పైన జాతులకి పేర్లు పెట్టారు. అమ్మేవాళ్ళు ఇవేమీ చూడరు, ట్రైలోబైట్ అంటే 50 కోట్లు అని అన్నిటికీ ఒకటే ప్రింట్ కొట్టేస్తారు. నువ్వు చెప్పిన పురుగు, అంటే ఉబ్బిన తల, బుడిపెలు, పెద్ద పెద్ద చుక్కల కన్ను, ఇది ఫాకాపిడే కుటుంబానిది. 50 కోట్ల ఏళ్ళ కిందట ఆ కుటుంబం ఇంకా పుట్టనే లేదు. మొరాకోలో ఇలాంటివి వచ్చేది డెవోనియన్ రాళ్ళలోంచి, డెవోనియన్ అంటే సుమారు 42 నుంచి 36 కోట్ల ఏళ్ళ మధ్య కాలం.

తర్వాత పేరు. రానా అనే జాతిని మొదట వర్ణించింది జేకబ్ గ్రీన్ అనే అమెరికన్, 1832లో, అప్పుడు కాలిమెనె అనే ప్రజాతిలో (ప్రజాతి అంటే దగ్గరి జాతులన్నిటినీ కలిపిన గుంపు) వేరే జాతి కింద ఒక రకంగా పెట్టాడు. ఫాకాప్స్ అనే ప్రజాతి 1839లో వచ్చింది, తర్వాత దీన్ని అందులోకి మార్చారు, వందేళ్ళ పైనే ఫాకాప్స్ రానా గానే బతికింది. 1990లో స్ట్రూవె అనే జర్మన్ ఆయన దీన్ని అసలు ఫాకాప్స్ నుంచి విడదీసి ఎల్డ్రెడ్జియాప్స్ అని కొత్త ప్రజాతి పెట్టాడు. ఇది న్యూయార్క్, ఒహాయో, పెన్సిల్వేనియా, కెనడాలో ఆంటారియో, ఆ బెల్టులో మధ్య డెవోనియన్ రాళ్ళలో దొరుకుద్ది, సుమారు 38 కోట్ల ఏళ్ళు. పెన్సిల్వేనియా వాళ్ళు 1988లో దీన్ని రాష్ట్ర ఫాసిల్ చేసుకున్నారు, పేరు మారింది దాని తర్వాత కాబట్టి అక్కడి చట్టంలో ఇప్పటికీ ఫాకాప్స్ రానాయే.

అంటే మొరాకో రాయి మీద రానా అని రాస్తే అది తప్పు. పాత పుస్తకాల్లో ఫాకాప్స్ రానా బొమ్మ బాగా పాపులర్ కాబట్టి అమ్మేవాళ్ళు ఆ పేరు తగిలించేస్తారు. మొరాకోలో అట్లాస్ కొండలకి దక్షిణంగా ఆల్నిఫ్, ఎర్ఫూద్ అనే ఊళ్ళు ఉన్నాయి, అక్కడ తవ్వడం, శుభ్రం చెయ్యడం, అమ్మడం ఒక పెద్ద జీవనోపాధి. అక్కడి ఫాకాపిడ్స్‌లో బాగా ఫేమస్ డ్రోటాప్స్ మెగలోమానికస్, అరచేతిలో పట్టనంత పెరుగుద్ది, దానికి కూడా పేరు పెట్టింది ఆ స్ట్రూవెయే, అదీ 1990లోనే. చిన్నవాటిలో మోరొకాప్స్, ఆస్టెరాప్స్, బారాండియాప్స్, రీడాప్స్ ఇలా బోలెడు. రీడాప్స్ తల నున్నగా ఉంటది కాబట్టి నీది అది కాదు.

ఒరిజినలా కాదా అన్నది ఫొటోలు చూడకుండా చెప్పలేం. నువ్వే ఇంట్లో చూసుకోవచ్చు. పది రెట్ల భూతద్దం తీసుకుని చూడు, ఒంటి మీద గుండ్రటి చిన్న చిన్న బుడగ గుంటలు ఉంటే అది రెసిన్ పోత. రాయిలో తెల్లటి గీతలు, పగుళ్ళు ఉంటే అవి పురుగు మీదుగా కూడా అలాగే సాగుతున్నాయా, లేక దాని అంచు దగ్గర ఠక్కున ఆగిపోతున్నాయా చూడు. ఆగిపోతే పురుగుని తెచ్చి అతికించారని అర్థం. నోట్లు చెక్ చేసే యూవీ లైట్ దొరికితే చీకట్లో వేసి చూడు, జిగురు పెట్టిన చోట, పుట్టీ నింపిన చోట రంగు తేడాగా మెరుస్తది. వెనక రాయి మూల మీద రెండు చుక్కలు వెనిగర్ వేస్తే సన్నగా నురగ రావాలి, కానీ దాని వల్ల రాయి సున్నపురాయి అని మాత్రమే తెలుస్తది, పురుగు సంగతి తెలియదు, పురుగు మీద మాత్రం ఒక్క చుక్క కూడా వెయ్యొద్దు, దాని పెంకు కూడా కాల్సైటే, కరిగిపోద్ది.

అన్నిటికంటే ఈజీ టెస్ట్ ఒకటుంది. తలకీ తోక పలకకీ మధ్య ఒంటి ఖండాలు లెక్కపెట్టు. ఫాకాపిడ్స్‌కి ఎదిగాక కచ్చితంగా 11 ఉంటాయి. పదో పదమూడో వస్తే ఎవడో ముక్కలు అతికించాడు, లేకపోతే మట్టిలో చెక్కాడు.

ఎంవీపీ_కుర్రోడు

రాతిపలక గారూ చాలా చాలా థాంక్సండి, ఇంత ఓపిగ్గా ఎవరు చెప్తారు. మీరు చెప్పినవన్నీ నిన్న రాత్రి మేనల్లుడూ నేనూ కూర్చుని చేశాం, మా అక్క మమ్మల్ని చూసి ఒకటే తిట్టడం.

ఖండాలు 11 వచ్చాయి!! వాడైతే ఎగిరి గంతేశాడు. బుడగలు ఎక్కడా లేవు. రాయిలో ఒక తెల్ల గీత ఉంది, అది ఏటవాలుగా వచ్చి ఒంటి ఎడమ పక్క మూడు ఖండాల మీదుగా పోయి మళ్ళీ రాయిలోకి దిగిపోయింది. కుడి కన్ను బ్రహ్మాండంగా ఉంది, లెన్స్‌లో చూస్తే ఒక్కో చుక్కా విడిగా గాజుపూసలా ఉబ్బి ఉంది, మధ్యలో గట్లు ఉన్నాయి. నిలువు వరసలు లెక్కపెడితే 18 వచ్చాయి. ఎడమ కన్ను మాత్రం సగం గీకేసినట్టు ఉంది, చుక్కలు కనపడట్లేదు, సన్నటి గీతలు ఉన్నాయి. యూవీ లైట్ మా పక్క షాపాయన దగ్గర తెచ్చి వేస్తే తోక దగ్గర ఒక పక్క కొంచెం తెల్లగా మెరిసింది, మిగతా అంతా మామూలే.

అంటే ఒరిజినలేనా? 18 వరసలు అంటే ఏ జాతో చెప్పెయ్యొచ్చా? ఎందుకంటే నెట్‌లో ఎక్కడో రానాకి 18 వరసలు అని చదివాను, అంటే ఇది మళ్ళీ రానాయే అవుద్దా? బుర్ర తిరిగిపోతోంది.

లావణ్య_జియాలజీ

ఒరిజినలే అనిపిస్తోంది, తోక దగ్గర రిపేర్ చేశారు, అది మామూలే, రాయి పగిలినప్పుడు రెండు ముక్కలు అతికించి మిగతా పని చేస్తారు. ఎడమ కన్ను మీద గీతలు అంటే శుభ్రం చేసేటప్పుడు గాలితో కొట్టే సూది పనిముట్టు తగిలి లెన్సులు పోయాయి. డూప్లికేట్ చేసేవాడు కన్ను ఒకటి బాగా ఒకటి పాడుగా చెయ్యడు కదా.

వరసల సంగతికి వస్తే, ఆ 18 వెనక పెద్ద కథే ఉంది, ఈ కుటుంబం మొత్తంలో నాకు బాగా ఇష్టమైన కథ అదే కాబట్టి కొంచెం సాగదీస్తాను, తిట్టుకోకండి.

ఎల్డ్రెడ్జియాప్స్ అన్న పేరు నైల్స్ ఎల్డ్రెడ్జ్ మీద పెట్టారు. ఆయన కుర్రాడుగా ఉన్నప్పుడు అమెరికా మధ్య, తూర్పు రాష్ట్రాలన్నీ తిరిగి వేల కొద్దీ రానాలు పోగేసి, పొర పొరకీ ఏం మార్పు వస్తోందా అని కొలిచాడు. లక్షల ఏళ్ళు గడుస్తుంటే నెమ్మదిగా మారుతూ ఉండాలి కదా అని ఎదురుచూస్తే ఏమీ మారలేదు. తల అలాగే, ఒళ్ళు అలాగే. మారింది దాదాపు కంటిలో నిలువు వరసల సంఖ్య ఒక్కటే, అడుగు పొరల్లో 18 ఉన్నవి, తర్వాత 17, ఇంకా పైన 15 ఉన్న రకం. అది కూడా నెమ్మదిగా తగ్గలేదు. చాలా కాలం 18 అలాగే ఉండి, ఒక పొర దాటేసరికి 17 అయిపోయింది. ఆయన చెప్పిందేంటంటే, లోతట్టు సముద్రంలో పాత రకం అలాగే బతుకుతుంటే అంచున ఎక్కడో ఒక చిన్న గుంపులో మార్పు వచ్చింది, లోపలి సముద్రం ఎండిపోయి పాతవి పోయాక, నీళ్ళు తిరిగొచ్చినప్పుడు ఈ అంచు గుంపే వచ్చి ఆక్రమించింది, మనకి రాళ్ళలో కనపడేది ఆ ఆక్రమణ మాత్రమే. 1972లో ఆయనా స్టీఫెన్ జే గూల్డ్ కలిసి రాసిన పంక్చుయేటెడ్ ఈక్విలిబ్రియా (జాతులు చాలా కాలం మారకుండా ఉండి, ఉన్నట్టుండి మారతాయి అనే) సిద్ధాంతానికి ఒక ముఖ్యమైన ఆధారం ఈ బొటనవేలంత పురుగు కన్నే. ఒప్పుకోనివాళ్ళు అప్పుడూ ఉన్నారు ఇప్పుడూ ఉన్నారు, అది వేరే సంగతి.

నీ ప్రశ్నకి సంబంధించిన ముక్క ఇక్కడుంది. రానాకి దగ్గరి చుట్టం అమెరికాలో లేదు, యూరప్, వాయవ్య ఆఫ్రికా వైపు ఉంది అని ఎల్డ్రెడ్జ్ అన్నాడు. డెవోనియన్‌లో ఆ ఖండాలు దగ్గరికి వస్తున్నాయి, అటు నుంచి ఇటు వలస వచ్చింది అని ఆయన లెక్క. అంటే నీ మొరాకో పురుగుకీ రానాకీ చుట్టరికం ఉంది, పోలిక ఉంది, లేబుల్ రాసినవాడు గాల్లోంచి పేరు తియ్యలేదు. కానీ చుట్టం వేరు, అదే మనిషి వేరు. 18 వరసలు ఈ కుటుంబంలో చాలా వాటికి ఉంటాయి, దాన్ని పట్టుకుని జాతి తేల్చలేం. మొరాకో ఫాకాపిడ్స్ మీద 2009లో కెనడావాళ్ళు, మెకెల్లర్, చాటర్టన్ పెద్ద పుస్తకమే వేశారు, అందులో తేడాలన్నీ బుడిపెల సైజు, తల కింద అంచు ఆకారం, కన్ను వెనక ఎంత దూరం వచ్చింది, మెడ పట్టీ ఎలా ఉంది, ఇలాంటివి. వాటిలో సగం చూడాలంటే తల కింద భాగం కనపడాలి, నీది రాయిలో ఉంది.

అందుకే రాతిపలక గారు డ్రోటాప్స్ పేరు ఎత్తారు గానీ నేనైతే ఆ పేరు దగ్గరికి కూడా పోను. చిన్నగా ఉన్నది డ్రోటాప్స్ పిల్ల కూడా కావచ్చు, వేరే ప్రజాతిలో పెద్దది కూడా కావచ్చు. ఏ కొండ, ఏ పొర అన్నది తెలిస్తే జాబితా రెండు మూడు పేర్లకి తగ్గిపోద్ది, అది తెలియనప్పుడు ఫాకాపిడే అని ఆగిపోవడమే పద్ధతి. తవ్వినవాడికి ఆ సంగతి కచ్చితంగా తెలుసు, వాళ్ళు ఏ కందకంలో ఏం వస్తదో నిద్రలో కూడా చెప్తారు, కానీ చేతులు మారి మారి ఇక్కడికి వచ్చేసరికి ఊరు పోయి కొండ పోయి మొరాకో అని మాత్రం మిగులుద్ది.

రాతిపలక

లావణ్య గారూ, నేను డ్రోటాప్స్ అని తేల్చలేదు, ఫేమస్ అన్నానంతే :) అయినా ఒక మాట, డ్రోటాప్స్ బుడిపెలు బాగా లావుగా, ఎడంగా ఉంటాయి, కుర్రాడు "చిన్నచిన్న" అన్నాడు కాబట్టి నా ఓటు కూడా అటు కాదు. ప్రజాతి వరకైనా ఊహించొచ్చు అని నా అభిప్రాయం, మీరు మరీ స్ట్రిక్టు.

కన్ను గురించి ఒకటి కలపాలి. మామూలు ట్రైలోబైట్లకి ఈగ కన్నులా వేల కొద్దీ చిన్న లెన్సులు ఒకదాన్నొకటి ఆనుకుని ఒకే పొర కింద ఉంటాయి. ఫాకాపిడ్స్‌కి అలా కాదు, తక్కువ లెన్సులు, పెద్దవి, ఒక్కోదానికి విడిగా పొర, మధ్యలో గట్టు, నువ్వు లెన్స్‌లో చూసింది అదే. పైగా అవి బతికున్నప్పుడే కాల్సైట్, అంటే రాతి లెన్సులు. కాల్సైట్ లోంచి చూస్తే మామూలుగా ఒకటి రెండుగా కనపడుద్ది, కానీ స్ఫటికం అక్షం సరిగ్గా చూపు దిశలో పెట్టుకుంటే ఆ సమస్య రాదు, వీటికి అలాగే ఉంది. 1975లో క్లార్క్‌సన్ అనే ఆయనా, లెవి-సెట్టి అనే ఫిజిక్స్ ప్రొఫెసరూ కలిసి చూస్తే, లెన్స్ కింద భాగంలో ఇంకో పొర ఉంది, ఆ రెండు పొరల మధ్య వంపు 17వ శతాబ్దంలో డెకార్ట్, హైగెన్స్ బొమ్మ మసకబారకుండా ఉండే లెన్స్ కోసం కాగితం మీద గీసిన వంపుల్లాగే ఉందని తేలింది. నీ మేనల్లుడికి లైట్ చాప్టర్ వచ్చినప్పుడు ఇది చూపించు.

భీమిలి_బుల్లోడు

సరే మాస్టారూ రోకలిబండ మాట వెనక్కి. మరి ఒక డౌటు, ఇన్ని కోట్ల ఏళ్ళు ఉన్నవి అన్నీ ఒకేసారి ఎలా పోయాయి? ఒక్కటీ మిగల్లేదా? ఒరిస్సా సైడు బాలాసోర్ దగ్గర గుర్రపు డెక్కలాంటి పీత ఉంటది, దాన్ని చూస్తే అచ్చం ఇలాగే ఉంటది కదా.

లావణ్య_జియాలజీ

గుర్రపు డెక్క పీత పుట్టగానే దాని లార్వా చూస్తే నిజంగానే ట్రైలోబైట్‌లా ఉంటది, కానీ అది వీటి సంతానం కాదు, అది సాలీళ్ళు, తేళ్ళ వైపు. ట్రైలోబైట్లని కీళ్ళ కాళ్ళ జంతువుల చెట్టులో ఏ కొమ్మ మీద పెట్టాలి, సాలీళ్ళ పక్కనా, రొయ్యలు పురుగుల పక్కనా అన్న గొడవ ఇంకా తెగలేదు.

ఒకేసారి పోలేదు. కేంబ్రియన్‌లో రాజ్యం, దాని తర్వాతి కాలం ఆర్డోవిషియన్ చివర పెద్ద దెబ్బ, డెవోనియన్ చివర్లో వరసగా దెబ్బల మీద దెబ్బలు. నీ ఫాకాపిడ్స్ మొత్తం డెవోనియన్ చివర, 36 కోట్ల ఏళ్ళ దగ్గర తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాత ప్రోటిడా అనే ఒక్క ఆర్డరే (కుటుంబాలన్నీ కలిపిన పెద్ద వర్గం) మిగిలి ఇంకో పది కోట్ల ఏళ్ళు ఎలాగో నెట్టుకొచ్చింది, పెర్మియన్ చివర అదీ పోయింది.

ఫాసిల్ రికార్డు చూసి ఇన్ని ఉండేవా అనుకుంటాం గానీ అందులో ఒక కిటుకుంది, ట్రైలోబైట్ ఎదిగే కొద్దీ పెంకు విడుస్తది, ఒక్క జంతువు బతుకంతా కలిపి బోలెడు పెంకులు సముద్రం అడుగున వదిలేస్తది, మనకి దొరికే వాటిలో ఎక్కువ భాగం అవే. చాలా ట్రైలోబైట్లు తల మీద ఒక కుట్టు దగ్గర పగలగొట్టుకుని బయటికొస్తాయి, ఫాకాపిడ్స్‌కి ఆ కుట్టు అతుక్కుపోయింది, అందుకని తల మొత్తం ఒక్క ముక్కగా ఊడదీసి పక్కకి తిప్పేసి ముందుకి పాక్కుంటూ పోతాయి. రాళ్ళలో ఒళ్ళు ఒక చోట, తల తిరగబడి దాని ముందో కిందో ఉందంటే అది విడిచిన పెంకు. న్యూయార్క్‌లో బఫెలో ఊరి దగ్గర పాత సిమెంట్ క్వారీ ఉంది, పెన్ డిక్సీ అంటారు, ఇప్పుడు ఫాసిల్ పార్కు, టికెట్ కొని మనమే తవ్వుకోవచ్చు, అక్కడ రానాలు గుంపులు గుంపులుగా ఒకే చోట దొరుకుతాయి. ఆ ప్రాంతపు గుంపుల్ని 1985లో పరిశీలించినవాళ్ళు పెంకు విడవడానికీ, జతకట్టడానికీ ఒకేసారి పోగయ్యేవి అన్నారు, ఇప్పుడు కొన్ని పీతలు చేసే పనే అది.

ఎంవీపీ కుర్రోడు గారూ, మీ దాంట్లో తల ఒంటికి సరిగ్గా అతికి, కదలకుండా ఉంటే అది విడిచిన పెంకు కాదేమో, అసలు జంతువే బురదలో కూరుకుపోయి ఉంటది.

సింహాచలం_రాళ్ళు

లేటుగా వచ్చాను. కైలాసగిరి, బొర్రా ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెప్తా.

వైజాగ్ చుట్టుపక్కల ట్రైలోబైట్ దొరకదు. కైలాసగిరి, సింహాచలం, డాల్ఫిన్ నోస్, యారాడ, ఎక్కడ చూసినా ఖొండలైట్, చార్నొకైట్, ఇంకా ఆ జాతి రాళ్ళే, తూర్పు కనుమల రాళ్ళు. ఖొండలైట్ ఒకప్పుడు బురద, మట్టి పేరుకున్నదే, కానీ అది భూమి లోపలికి పోయి 900 డిగ్రీల దాకా ఉడికి వచ్చింది, ఆ ఉడుకుడు జరిగి సుమారు 100 కోట్ల ఏళ్ళయింది. అంటే ట్రైలోబైట్ పుట్టకముందే ఆ రాయి ఉడికి చల్లారిపోయింది, ఒకవేళ లోపల ఏదైనా ఉండుంటే అదీ మిగలదు. బొర్రా గుహల సున్నపురాయి చూసి చాలామంది ఆశపడతారు, సున్నపురాయి అంటే గవ్వలు ఉంటాయి కదా అని, అదీ ఈ కనుమల్లోదే, అంతే కాలినది, పాలరాయి అయిపోయింది. ఎర్రమట్టి దిబ్బలు దీనికి పూర్తిగా రివర్స్, అవి భూమి లెక్కలో నిన్నగాక మొన్న పోసిన ఇసక, అక్కడ సుత్తి అస్సలు పట్టుకెళ్ళొద్దు, రక్షిత స్థలం, కేసవుద్ది.

కుర్రాడికి నిరాశ అవ్వకుండా ఒకటి చెప్తాను, భీమిలి వైపు బీచ్‌లో అల వెనక్కి పోయినప్పుడు ఇసక మీద ఎర్రగా, నల్లగా చారలు పడతాయి చూడండి, ఆ ఎర్రవి గార్నెట్లు, ఈ ఖొండలైట్ కొండల్లోంచి కొట్టుకొచ్చినవే. గుప్పెడు తీసుకుని భూతద్దంలో చూపించండి. నిజంగా ఫాసిలే కావాలంటే రాజమండ్రి దగ్గర కాతేరు, గౌరీపట్నం వైపు నల్లరాయి క్వారీల్లో లావా పొరల మధ్య ఆల్చిప్పలు, నత్తగుల్లలు వస్తాయి, డైనోసార్లు పోయిన కాలంవి, సుమారు 6.6 కోట్ల ఏళ్ళు. క్వారీ వాళ్ళని అడిగి, పెద్దవాళ్ళతో వెళ్ళాలి. కడప బేసిన్‌లో పొరలు పొరలుగా స్ట్రోమటోలైట్లు ఉన్నాయి, కానీ అవి ట్రైలోబైట్ల కంటే చాలా చాలా పాతవి, సూక్ష్మజీవులు కట్టినవి.

ఇండియాలో ట్రైలోబైట్లు అంటే హిమాలయాలే. స్పితి, జన్‌స్కార్, కశ్మీర్. స్పితిలో పారాహియో లోయ కేంబ్రియన్ ట్రైలోబైట్లకి పాత అడ్డా, బ్రిటిష్ వాళ్ళ టైంలో హేడెన్ పోగేసినవి రీడ్ అనే ఆయన 1910లో వర్ణించాడు. ఎవరెస్ట్ కొన మీద రాయి కూడా ఆర్డోవిషియన్ సున్నపురాయి, అందులో ట్రైలోబైట్ ముక్కలున్నాయి. అంత ఎత్తుకి ఎక్కి ఫొటో దిగే వాళ్ళలో ఎంతమందికి కాళ్ళ కింద సముద్రం అడుగు ఉందని తెలుసో.

రానా పేరు మార్పు గురించి ఇంత మాట్లాడుకున్నారు కాబట్టి మన ఉపఖండానికి సంబంధించింది ఒకటి. ఇప్పటి పాకిస్తాన్‌లో ఉప్పు కొండలున్నాయి కదా, ఖేవ్రా ఉప్పు గని ఉన్న చోటు, పింక్ సాల్ట్ తవ్వేది అక్కడే. అక్కడి కేంబ్రియన్ రాళ్ళలో దొరికిన ట్రైలోబైట్‌ని రెడ్లిక్ అనే ఆస్ట్రియన్ 1899లో వర్ణించి, జియలాజికల్ సర్వేలో పనిచేసిన నోట్లింగ్ గౌరవార్థం నోట్లింగి అని జాతి పేరు, హోఫెరియా అని ప్రజాతి పేరు పెట్టాడు. తీరా చూస్తే హోఫెరియా పేరు అప్పటికే వేరే జంతువుకి ఇచ్చేసి ఉంది, రూల్ ప్రకారం చెల్లదు. 1902లో కొస్మాన్ అనే ఫ్రెంచాయన ఆ పేరు తీసేసి పేరు పెట్టినాయన పేరే తగిలించాడు, రెడ్లికియా నోట్లింగి. అంటే ఇద్దరి పేర్లూ ఒకే పురుగు మీద. ఇప్పుడు దాని మీద రెడ్లికిడా అని ఒక ఆర్డరే ఉంది, ట్రైలోబైట్లలో అన్నిటికంటే పాతవి ఆ ఆర్డర్‌లోవే. రెడ్లికియాలు చైనాలో, ఇరాన్‌లో, ఆస్ట్రేలియాలో కూడా ఉన్నాయి, ఆస్ట్రేలియాలో కంగారూ దీవిలో దొరికిన రెడ్లికియా రెక్స్ అని 2019లో పేరు పెట్టినది దాదాపు అడుగు పొడవు. అప్పట్లో ఈ దేశాలన్నీ ఒకే తీరం పొడుగునా ఉండేవి అనడానికి వాడే సాక్ష్యాల్లో ఇదొకటి.

ఆ ఉప్పు మీద ఇంకో పెద్ద తగువు నడిచింది. ఉప్పు పొర కింద, ట్రైలోబైట్ పొరలు పైన, కాబట్టి ఉప్పు ఇంకా పాతది అనుకోవాలి. 1940ల్లో మొక్కల ఫాసిల్స్ పండితుడు బీర్బల్ సాహ్ని ఆ ఉప్పులో చెట్ల సూక్ష్మ ముక్కలు దొరికాయి, కాబట్టి అది ఈయోసీన్, అంటే 50 కోట్లు కాదు 5 కోట్లు, పాత పొరలే జరిగి దాని మీదకి ఎక్కాయి అని గట్టిగా వాదించాడు. చివరికి ఆ ముక్కలు తర్వాత కలిసినవని, ఉప్పు పాతదేనని తేలింది. అంత గొప్ప పండితుడి మాట కూడా ఆ పొరల వరస ముందు నిలబడలేదు, దీన్నిబట్టి చూస్తే లావణ్య గారు పొర తెలియకుండా పేరు పెట్టొద్దు అనడంలో తప్పేం లేదు.

ఎంవీపీ_కుర్రోడు

అందరికీ పాదాభివందనం. గార్నెట్ ఐడియా సూపర్, ఆదివారం పొద్దున్నే భీమిలి పోతున్నాం. బుల్లోడు అన్నా, అక్కడ ఎక్కడ బాగుంటదో చెప్పు.

ఆఖరి ప్రశ్న, వాడు పాత లేబుల్ చించేశాడు, కొత్తది చార్ట్ మీద రాస్తానంటున్నాడు. ఏం రాయమంటారు?

లావణ్య_జియాలజీ

అయ్యో పాత లేబుల్ పారెయ్యొద్దు, తప్పున్నా సరే టేప్ వేసి అతికించి డబ్బాలో పెట్టమనండి, అది కూడా రికార్డే. కొత్తది ఇలా: ఫాకాపిడే కుటుంబం, ప్రజాతి తేలలేదు. డెవోనియన్. మొరాకో, కచ్చితమైన చోటు తెలియదు. తోక దగ్గర అతుకు, ఎడమ కన్ను పాడైంది. కొన్న తేదీ, కొన్న ఊరు.

రాతిపలక

"మోరొకాప్స్ కావచ్చు" అని పెన్సిల్‌తో రాయించు, పెన్నుతో వద్దు, లావణ్య గారు చూస్తారు.

భీమిలి_బుల్లోడు

తీరం పొడుగునా ఎక్కడైనా ఉంటది బ్రో, కానీ పోటు తగ్గాక రా, ఉప్పుటేరు కలిసే చోటు దగ్గర నల్ల ఇసక ఎక్కువ. అయస్కాంతం కూడా తెచ్చుకో, నల్లవాటిలో కొన్ని అంటుకుంటాయి, పిల్లాడికి సరదాగా ఉంటది. టిఫిన్ నేను చూసుకుంటాలే.